అంచు లేని పొయ్యి

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో అగ్ని ఉంది, ఇనుము ఉంది, ఒక పేలుడు ఉంది. పంతం పట్టిన ఒక రాణి, ఆమె మనసు గెలవడానికి నానా తంటాలు పడిన ఒక రాజు ఉన్నారు. కాండలు కాండలుగా సాగవలసిన కథ.

సరే, ఒప్పుకుంటాను. రాజు మైదుకూరులో బట్టల అంగడి నడిపిన మా పెదనాయన. రాణి మా పెద్దమ్మ. యుద్ధభూమి వాళ్ళ వంటిల్లు. ఒక ఇనప పొయ్యి చూడ్డానికి బాగాలేకపోతే దాన్ని బాగా కనబడేట్టు చేయడం ఎట్లా అన్నదే మొత్తం విషయం. కాండలు లేవు. కట్టెలు మాత్రం ఉన్నాయి.

ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పుడు నేనుండేది కర్నూల్లో. మొన్న ఎండాకాలంలో, ఓర్వకల్లు దగ్గర ఇల్లు కట్టుకుంటున్న స్నేహితుడికి తోడుగా టైల్సు అంగడికి పోయాను. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. లోపల గోడకు ఒక చలిమంట బిగించి ఉంది. కరెంటుది. గాజు వెనక ఎర్రగా మంటలాంటిది ఊగుతోంది, వేడి లేదు.

"ఇది దేనికన్నా?" అని అడిగాను.

"లుక్కు కోసం సార్," అన్నాడు అమ్మేటాయన, ఇంతకు మించిన కారణం ఏ వస్తువుకైనా అవసరమా అన్నట్టు.

నేను ఒక కన్ను మూసుకుని, తల పక్కకు వాల్చి, నాలుగడుగులు వెనక్కి వేసి దాన్ని చూశాను. వెనక వరసగా పెట్టిన కమోడ్లలో ఒకదాని మీద కూలబడ్డాను. కూర్చున్నాక అర్థమైంది, ఆ చూపు నాది కాదు. ఆ వెనకడుగూ నాది కాదు. రెండూ మా పెదనాయనవి.

ఆయన వస్తువును దగ్గరగా ముట్టుకునేవాడు, దూరంగా చూసేవాడు. ఏది చేతికిచ్చినా ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దేవాడు. పెళ్ళిపత్రిక, అరిటాకు, దోసె అంచు, చిన్నప్పుడు నా చెవి. నేను డిగ్రీ పాసై సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే దాన్నీ రుద్ది, "గంజి ఎక్కువప్పా, ఒక ఉతుక్కు నిలవదు," అన్నాడు. నిలవలేదు కూడా.

రుద్దడం అయ్యాక ఒక కన్ను మూసుకుని వెనక్కి నడిచేవాడు. అంగట్లో దానికి చోటుంది. చీరను పరుపు మీద పరిచి, గుమ్మం దాకా వెనక్కి పోయి, బజార్లో పోయే మనిషికి అది ఎట్లా కనబడుతుందో చూసేవాడు. వంటింట్లో ఆ చోటు లేదు. వెనక రోలుంది. ఆయన వెనకడుగు వేసిన ప్రతిసారీ పెద్దమ్మ చేస్తున్న పని ఆపకుండా, తలెత్తకుండా, "ఎనక రోలుండాది," అనేది. ఆయన ప్రతిసారీ "తెలుసులేమ్మే," అని రోలుకు తగులుకునేవాడు.

ఆయనకున్న సిద్ధాంతం ఒక్కటే. "అంచు సూపియ్యల్ల, ఒళ్ళు దాయల్ల." చీర మడత పెడితే అంచు బయటికి, ఒళ్ళు లోపలికి. గిరాకీ అంచు చూసి లోపలికొస్తుంది, ఒళ్ళు చూసి బేరమాడుతుంది. మనుషుల మీద కూడా ఆయన తీర్పు ఇట్లాగే ఉండేది. మా అన్నకు, అంటే ఆయన కొడుక్కు, అంగడి అప్పజెప్పే రోజు, "వానికి ఒళ్ళు మంచిదే, అంచు ల్యా," అన్నాడు వాని ముందరే. మా అన్న నవ్వనూ లేదు, కోపం తెచ్చుకోనూ లేదు. దాంతో పెదనాయన మాట రుజువైపోయింది.

అంగడి కొడుకు చేతికి పోయాక ఆయనకు సర్దడానికి ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఇంట్లోకి ఇనప పొయ్యి వచ్చింది.

వాళ్ళ వంటింట్లో వెనక గోడ సగం దాకా పొయ్యిగూడే. ఒక దూడ కాళ్ళు చాపుకుని పడుకునేంత. పైన పొగ పోయే గూడు, అదీ మనిషి నిలబడేంత. పసుపు అమ్మకానికి బయటూళ్ళ వ్యాపారులు వస్తే వాళ్ళకు వంట అక్కడే, అమ్మవారిశాలలో సంతర్పణలకు పిండివంటలూ అక్కడే. పెద్దమ్మ కాపురానికి వచ్చిన రోజు అత్తగారు ఆమెను దాని ముందర కూర్చోబెట్టి, "ఇది నీది," అన్నారట. అల్మారా తాళం అత్తగారిది, అంగడి తాళం మామగారిది, మొగుడు అంగడివాడు. ఇది నీది అని చెప్పి ఆ ఇంట్లో ఆమెకు ఇచ్చింది ఆ పొయ్యి ఒక్కటే.

ఆ పొయ్యే ఆమె ఊపిరికి ఎసరు పెట్టింది. మూడు రాళ్ళ మీద చింతకట్టె మంట ముందు అన్నేళ్ళు కూర్చుంటే దగ్గు పట్టుకుంది. పొగ మానకపోతే ఈ దగ్గు మానదనీ, ఇది ముదిరితే తన దగ్గర మందు లేదనీ ప్రొద్దుటూరు డాక్టరు తేల్చి చెప్పాడు. మా అన్నావాళ్ళు మేడ మీద గ్యాసు మీద వండుకుంటారు. పెద్దమ్మ ఒకసారి అక్కడికెక్కి సంగటి కెలికింది. తెడ్డు తిప్పితే సంగటి తిరగలేదు, పొయ్యి తిరిగింది. దిగొచ్చేసింది.

అందుకని మా అన్న వెల్డింగు షాపులో ఇనప పొయ్యి చేయించాడు. ముందు చిన్న తలుపు, పైన రెండు కళ్ళు, వెనక గొట్టం. దాన్ని పొయ్యిగూట్లో నడిమధ్యన నిలబెట్టి, గొట్టాన్ని పాత పొగగూట్లోకి ఎక్కించారు. కట్టె పెట్టి వెలిగిస్తే ఒక్క పోగు పొగ ఇంట్లోకి రాలేదు. అందరం సంబరపడ్డాం.

"ఎట్లుండాదిమే?" అన్నాడు పెదనాయన.

పెద్దమ్మ కాసేపు చూసింది. "కల్యాణమండపంలో కుక్కపిల్ల పండుకున్నట్లుండాది," అంది.

ఆ సాయంత్రం మజ్జిగ తోడుకు వచ్చిన ఎదురింటామె గూట్లోకి తొంగిచూసి, "ఏమక్కా, మీ పొయ్యి ఎండకు కుంచించుకపోయిందే," అంది. మామూలుగా అన్నమాటే. మరునాడు పొద్దున పెద్దమ్మ ఇనప పొయ్యి పక్కనే, అదే గూట్లో, మూడు రాళ్ళు పెట్టి చింతకట్టె ముట్టించింది. ఇల్లంతా పొగ. పొగలోంచి దగ్గు.

మా అన్న అరిచాడు. నేను డాక్టరు చెప్పింది మళ్ళీ చెప్పాను. ఆమె మా ఇద్దరికీ సంగటి పెట్టింది. "అగ్గి ముట్టించేటప్పుడు ఎదురుగా సూసేదానికి మనసొప్పద్దాప్పా? ఆ డబ్బా ముందర కూసుంటే నేను ఈ ఇంటికి బాడుగకొచ్చినట్లుంటాది," అంది.

పెదనాయన తువ్వాలు దులుపుకుని లేచాడు. బయటికొచ్చాక, నువ్వయినా గట్టిగా చెప్పొచ్చు కదా అని అడిగాను.

"గిరాకీ వద్దనంటే బతిమాలగూడదప్పా. కసరగూడదు. ఇంగొకటి తీసి సూపియ్యల్ల," అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసుకుని వంటింటి వైపు తిరిగి, "దాంట్లో తప్పేంల్యా. దానికి అంచు ల్యా, అంతే," అన్నాడు.

ఆ ఇంట్లో పుట్టి పెరిగినా ఆయనకు ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు. అట్లాంటి మనిషి ఆ రోజు నుంచి వంటింట్లో కాపురం పెట్టాడు.

మొదట తెర. ఇనప పొయ్యి చుట్టూ ఉన్న ఖాళీ కనబడకుండా గూటికి అడ్డంగా జరీ అంచు గుడ్డ వేలాడదీశాడు. బట్టల వ్యాపారికి ఏ రోగానికైనా మందు గుడ్డే. పొయ్యి వేడికి అది అంటుకుంటే పెద్దమ్మ మజ్జిగ పోసి ఆర్పింది. జరీ మిగిలింది, గుడ్డ మిగల్లేదు. "సరుకు మంచిదే," అన్నాడు ఆయన, మిగిలిన జరీని వేళ్ళ మధ్య రుద్దుతూ.

తర్వాత ఎర్రమన్ను. గూడంతా అలికించి, అంచుల వెంబడి తెల్లగా ముగ్గు గీతలు పెట్టించాడు. నల్లటి పొయ్యి, చుట్టూ ఎరుపు, తెల్లని గీతలు. నిజంగానే బాగుంది. ఎంత బాగుందంటే, ఎదురింటామె అత్తగారు, కళ్ళు సరిగా ఆనని ముసలామె, లోపలికొచ్చి దాని ముందర నిలబడి లెంపలేసుకుంది.

"ఏం తల్లిమ్మా ఈమె?" అని అడిగింది.

"ఇనపమ్మ. శానా కోపమున్న తల్లి," అంది పెద్దమ్మ, తన మూడు రాళ్ళ మీద పప్పు ఎసట్లో వేస్తూ.

పెదనాయన ఒక కన్ను మూసుకున్నాడు. వెనక్కి నడిచాడు. రోలుంది.

శ్రావణమాసం దగ్గరపడింది. వరలక్ష్మీ వ్రతం రోజు వాయనానికి బజారు ఆడవాళ్ళంతా ఆ ఇంటికి వస్తారు. వచ్చినవాళ్ళు వంటింట్లోకి రాక మానరు. ఆ రోజు గనక పొయ్యి నలుగురిలో నిలబడితే పెద్దమ్మ దాని ముందు కూర్చుంటుందనీ, నవ్వులపాలైతే ఇక జన్మలో కూర్చోదనీ ఆయనకు తెలుసు. ఆమె దగ్గు అప్పటికి వీధిలోకి వినబడుతోంది.

గోడలు కట్టే బేల్దారిని పిలిపించాడు. ఇద్దరూ గూటి ముందు నిలబడి ఒకే మాట అన్నారు. కడప బండ.

దీంట్లో ఎవరినీ తప్పుపట్టను. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి. మా జిల్లాలో మనిషి బండ మీద స్నానం చేస్తాడు, బండ పరిచిన నడవలో పడుకుంటాడు, బండ అరుగు మీద కూర్చుని ముసలివాడవుతాడు, కొందరి మీద చివరికి బండే కప్పుతారు. అటకకు బండ, గట్టుకు బండ, బీరువా అరలకూ బండ. మా నేలలో వానలు సరిగా పడవు గానీ బండకు కరువు లేదు. దానికి చేతకాని పని ఒకటుంటుందని మాలో ఎవరికీ తోచదు.

"కడప బండకంటే గట్టిది యాముండాది సామీ," అన్నాడు బేల్దారి.

నున్నగా కోయించిన నల్ల బండలు తెచ్చి ఇనప పొయ్యికి అటూ ఇటూ పైనా ఖాళీ అంతా మూసేసి, సిమెంటుతో బిగించారు. పెదనాయన కొబ్బరినూనె పెట్టి గుడ్డతో రుద్దాడు. ముఖం కనబడింది. ఆయన ముఖమే, చానా తృప్తిగా. పెద్దమ్మ కూడా వచ్చి చూసింది. బండ మీద వేలు పెట్టి, వేలి మచ్చ పడితే కొంగుతో తుడిచింది. అంతకు మించి మెప్పు ఆమె దగ్గర ఆశించకూడదు.

"ముట్టించి సూస్తామా?" అన్నాడు బేల్దారి.

"ఇప్పుడొద్దు. మసి పట్టి మెరుపు పోతాది. పండగ దినమే," అన్నాడు పెదనాయన. కొత్త చీర ఎవరూ కట్టి చూసి అమ్మరు కదా.

పండగ రోజు పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ఇనప పొయ్యి ముందర పీట వేసుకుని కూర్చుంది. కట్టె పెట్టింది, తలుపు మూసింది, పూర్ణం పెట్టి పెనం మీద ఓళిగలు మొదలుపెట్టింది. పొగ లేదు, దగ్గు లేదు. నడవ నిండా ఆడవాళ్ళు. ఎదురింటామె లోపలికొచ్చి బండల్లో తన బొట్టు సరిచేసుకుని, "ఇప్పుడు పొయ్యంటే ఇది," అంది. పెద్దమ్మ మెడ కొంచెం నిటారైంది. గుమ్మంలో పెదనాయన ఒక కన్ను మూసుకున్నాడు.

ఢాం.

మా వైపు ఇట్లాంటి శబ్దం వినబడితే జనం ఎట్లా పరిగెత్తాలో సినిమాలు చూపించి చూపించి, మాకు అసలు అలవాటు లేకపోయినా అందరికీ పద్ధతి వచ్చేసింది. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మంచం కిందికి దూరినవాళ్ళు, వాయనం పళ్ళెం తలమీద పెట్టుకున్నవాళ్ళు. బజార్లో ఎవరో షట్టరు దించిన చప్పుడు కూడా వచ్చింది. నేను ఎక్కడున్నానో చెప్పను. రోలు పక్కన చోటుందని ఆ రోజే తెలిసింది.

ఆ నిశ్శబ్దంలో పెదనాయన గొంతు. "బండమ్మా. బండే. భయపడాకండి. వేడికి పగిలింది, అంతే..."

ఢాం. రెండోది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక పెంకు ఎగిరి పూర్ణంలో పడింది. వేడి తగిలితే ఆ బండ పొరలు పొరలుగా చిట్లుతుందని బేల్దారికి తెలియదు, మాకూ తెలియదు, మొత్తం జిల్లాకే అనుమానం రాలేదు. పెద్దమ్మ పీట మీద నుంచి కదల్లేదు. పూర్ణంలోంచి పెంకు తీసి కింద పెట్టింది. ముందు నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి ఆమె కళ్ళలో నవ్వు లేదు.

"ఇంగ సాలయ్యా. నా మూడు రాళ్ళు నాకుండాయి," అంది.

మరునాటి నుంచి మళ్ళీ పొగ. పెదనాయన పగిలిన బండలు పెరట్లో గోడవారగా పేర్చి, వంటింటి గడప మీద కూర్చున్నాడు. లోపల ఆమె దగ్గుతుంటే ఆయన తన పంచె అంచు వేళ్ళ మధ్య రుద్దుకుంటున్నాడు. ఎంతసేపైనా అదే.

"ఏం పెదనాయనా, అంగడి మూసేసినట్లేనా?" అన్నాను. ఆయన్ని నవ్విద్దామని.

ఆయన నవ్వలేదు. "గిరాకీ లేచిపోలేదప్పా. ఇంగా ఈడనే కూర్చోనుండాది," అన్నాడు.

రెండు మూడు రోజులకు కట్టెల అడితికి పోదాం రమ్మన్నాడు. చేతిలో అంగడి ఇనపబద్ద, గుడ్డ కొలిచేది. అక్కడ తుమ్మమొద్దుల మీద ఆ బద్ద పెట్టి అన్నీ ఒకే పొడుగ్గా, మూరకు కోయించాడు. అడితివాడు, "ఏం సామీ, కట్టెలకు జాకెట్టు కుట్టిస్తావా?" అన్నాడు. పెదనాయన ఒక కట్టె కోసిన ముఖాన్ని వేలితో రుద్దాడు. నడుమ ఎరుపు, చుట్టూ లేత పసుపు. "సూడప్పా. అంచుతోనే పుట్టింది," అన్నాడు.

ఇనప పొయ్యికి అటూ ఇటూ మంట తగలకుండా మట్టి ఇటుకలతో పొట్టిగోడలు పెట్టించాడు. గోడ అవతల మిగిలిన ఖాళీలో కట్టెలు పేర్చడం మొదలుపెట్టాడు. కోసిన ముఖాలు బయటికి, బెరడు లోపలికి. లావువి కింద, సన్నవి పైన. ఎరుపు ఎక్కువున్నవి ఒక వరస, తక్కువున్నవి ఒక వరస. అంగట్లో తానులు పేర్చినట్టే. ఎవరినీ ముట్టుకోనీయలేదు. పెద్దమ్మ పొగలో కూర్చుని, చూడనట్టు చూస్తూనే ఉంది. మూడో రాయికి చోటు చాలకపోతే తనే దాన్ని పక్కకు జరిపింది.

గూడు నిండింది. నడుమ నల్లగా ఇనప పొయ్యి, అటూ ఇటూ గుండ్రటి కట్టెముఖాలు, వరసలు వరసలుగా. డబ్బా ఇప్పుడు డబ్బాలా లేదు. పెద్ద చీరల అంగట్లో గల్లాపెట్టె ముందర కూర్చున్న యజమానిలా ఉంది.

పెద్దమ్మ లేచి వచ్చింది. ఆమె ఒంగి, పేర్పులో పైన ఇన్ని కట్టెలుండగా, సరిగ్గా నడుమ ఉన్న ఒక కట్టెను పట్టుకుని లాగింది. సగం వరస దొర్లిపడింది.

"ఇది కావల్ల," అంది. ఇనప పొయ్యి తలుపు తీసి అందులో పెట్టింది.

నేను పెదనాయన వైపు చూశాను, పాపం అని. ఆయన ముఖం వెలిగిపోతోంది. బట్టలంగట్లో పైనున్న చీరను మాటవరసకు అడుగుతారు. కొనేది నడిమిదే. నడిమిది లాగిందంటే బేరం తెగినట్టే.

ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ అదే తంతు. పొద్దున ఆమె నడిమి కట్టె లాగేది, మధ్యాహ్నం ఆయన కూర్చుని మళ్ళీ పేర్చేవాడు, కన్ను మూసుకుని వెనక్కి నడిచేవాడు, ఆమె రోలుందని చెప్పేది. పైనుంచి తీసుకోవచ్చు కదా అని ఆయన అనలేదు. పైనుంచి తీసుకోవడం ఆమెకు తెలియక కాదు. దగ్గు పోలేదు, తగ్గింది. కావ్యంలో అయితే పోయేది.

ఆయన అంగట్లో కూర్చుని ఎవరికో చీర విప్పి చూపిస్తూ పోయాడని రాయాలని నాకు చాలా ఉంది. ఆస్పత్రిలో పోయాడు. ముందు రోజు నేను పోతే కప్పిన దుప్పటి అంచును వేళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు. ఏదో చెప్పబోతున్నాడని చెవి దగ్గర పెట్టాను. "పాలిస్టరు," అన్నాడు.

కర్నూలు టైల్సు అంగట్లో కమోడు మీద కూలబడిన వారమే నేను మైదుకూరు పోయాను. దారి పొడుగునా ఒకటే అనుకుంటున్నాను, ఆమె మళ్ళీ మూడు రాళ్ళు పెట్టి ఉంటుందని. పెట్టలేదు. ఇనప పొయ్యి మీదే ఎసరుంది. కట్టెల పేర్పు మాత్రం నడుమ కూలిపోయి, చెల్లాచెదురుగా పడి ఉంది. ఎవరూ తిరిగి పేర్చలేదు. ఆమె లాగింది లాగినట్టే ఉంది.

"అయిపోవస్తాండాయి కదా పెద్దమ్మా," అన్నాను.

"అడితిలో సెప్పి పంపినా. మూర కొలతకే," అంది.

నేను కూర్చుని పేర్చాను. ముఖాలు బయటికి, బెరడు లోపలికి. లేచి, కన్ను మూసుకుని, వెనక్కి నడిచాను.

"ఎనక రోలుండాది," అంది పెద్దమ్మ, సంగటి కెలుకుతూ, తలెత్తకుండా.

ఆ మాట తర్వాత తెడ్డు ఒక్క క్షణం ఆగింది. నేనూ ఆగాను. తర్వాత ఆమె తలెత్తి పేర్పు వైపు చూసింది. "అంచు వంకరబోయింది. మళ్ళా పెట్టు," అంది.

మళ్ళీ పెడదామని మొత్తం దించితే కింది వరసకు చెదలు పట్టి ఉన్నాయి. పెద్దమ్మ చెప్పినట్టు పెరట్లో గోడవారగా ఉన్న పగిలిన బండముక్కలు తెచ్చి, మట్టినేల మీద పరిచి, వాటి మీద కట్టెలు పేర్చాను. కింద బండ ఉంటే కట్టెకు చెదలు తొందరగా పట్టవు. చెదలు గోడ మీంచి కూడా ఎక్కుతాయి, అందుకని వెనక గోడకు ఆనకుండా రెండు వేళ్ళ సందు వదలాలి.